కెమెరా మన గోడ మీదుంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(జఫర్‌గఢ్‌లో ఆదివాసీ, గిరిజన యువతతో మాట్లాడిన మాటల పాఠం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడ సరిచేసి పెడుతున్నాం.)



పొద్దటి నుంచి పోడు పట్టాల గురించి, హాస్టళ్ల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నం. ఇప్పుడు నేను ఇంటి గోడకు పెట్టుకునే కెమెరా గురించి మాట్లాడుత అంటే వెనక వరుసల కొందరు నవ్వుతున్నరు. నవ్వండి, పర్వాలేదు. ఒక్కసారి చేతులు లేపండి. హైదరాబాద్‌లనో వరంగల్‌లనో పని చేసుకుంట, ఊర్ల అమ్మానాయినను వదిలి వచ్చినోళ్లు ఎంతమంది? చూసిన్రా, ఎన్ని చేతులు లేచినయో. ఈ జఫర్‌గఢ్, పాలకుర్తి చుట్టుపక్కల తండాలైనా, మహబూబాబాద్ దిక్కు కొత్తగూడ, గంగారం గూడేలైనా, భూపాలపల్లి అడవి ఊళ్లైనా సంగతి ఒక్కటే. చదువుకున్నోళ్లు, పనికి పోయినోళ్లు బయట. ఇంట్ల ముసలోళ్లు, మేకలు, కళ్లంల ఆరబోసిన మిర్చి. రాత్రి ఫోన్ ఎత్తకపోతే మనకు నిద్ర పట్టదు.

అందుకే మనోళ్లు కెమెరాలు కొంటున్నరు. కొనొద్దని నేను చెప్పను. రెండు వేల రూపాయల వస్తువు యాడీకో అవ్వకో తోడైతదంటే మంచిదే. కానీ చూసే కన్ను ఎవరిది అనేది మన జనానికి కొత్త ప్రశ్న కాదు. అడవిల చెట్లకు కట్టిన కెమెరాల ముందు నుంచి పుల్లలకు పోయే ఆడోళ్లు మన ఇండ్లల్ల ఉన్నరు. కాబట్టి ఎట్ల కొనాలె, ఎట్ల పెట్టాలె అని చెప్పుకుంటనే, ఎవరు చూస్తరు అన్నది కూడా మాట్లాడుకుందాం. రెండూ విడదీస్తే ముచ్చట సగమే అయితది.

కొనే ముందు చూడాల్సింది కెమెరాను కాదు, ఇంటిని. కరెంటు ఎంతసేపు ఉంటది, నెట్ ఎక్కడిదాకా అందుతది. దుకాణపోడు ఈ రెండూ అడగడు. నాలుగు మెగాపిక్సెల్ అంటడు, మూడొందల అరవై డిగ్రీలు తిరుగుతది అంటడు. తిరిగే కెమెరా బాగనే ఉంటది, కానీ అది ఇటు చూస్తున్నప్పుడు అటు చూడదు కదా. ఒక్కటే తలుపు, ఒక్కటే వాకిలి ఉన్న ఇంటికి తిరగని కెమెరా చాలు.

ముందు నెట్ సంగతి. ఇంట్ల ఫైబర్ కనెక్షన్ ఉంటే మామూలు వైఫై కెమెరా సరిపోతది. తక్కువ ధరవి చాలా వరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటయి, 5 గిగాహెర్ట్జ్ పట్టుకోవు. రూటర్ల రెండూ ఒకే పేరుతో నడుస్తున్నా, ఫోన్ హాట్‌స్పాట్ 5 మీద ఉన్నా కెమెరాకు నెట్ కనబడదు. "పీస్ ఖరాబుంది" అని వాపస్ ఇచ్చొస్తరు. ఖరాబు కాదు, సెట్టింగుల 2.4 చేస్తే దొరుకుతది. ఇంకోటి, మందం మట్టి గోడ, రాతి గోడ సిగ్నల్‌ను తగ్గిస్తయి. ఇనుప రేకులైతే దాదాపు ఆపేస్తయి. కెమెరా బిగించక ముందే ఆ జాగల ఫోన్ పట్టుకొని నిలబడి, అదే వైఫై మీద ఒక వీడియో నడిపి చూడండి. అక్కడ ఆగి ఆగి వస్తే కెమెరాకూ అంతే.

ఫైబర్ లేని గూడెంల సిమ్ వేసుకునే 4జీ కెమెరాలు ఉన్నయి. సోలార్ పలక, బ్యాటరీతో కలిపి నాలుగు వేల నుంచి మొదలైతయి. కరెంటు వైరు అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. కానీ తెలుసుకొని కొనాలె: బ్యాటరీ కెమెరాలు ఎక్కువ శాతం రోజంతా రికార్డ్ చెయ్యవు. ఏదన్నా కదిలినప్పుడు లేచి, కొన్ని సెకన్లు తీసి, మళ్లా పడుకుంటయి. లేచేలోపు మనిషి దాటిపోవచ్చు. ముసలామె వాకిట్ల పడిపోయి కదలకుండ ఉంటే అది నిద్రపోయే ఉంటది. కళ్లం కాపలాకు పనికొస్తది, మనిషి కాపలాకు కరెంటు కెమెరానే నయం.

డేటా ఎంత తింటది అని అందరికీ భయం. లెక్క చేద్దాం. రెండు మెగాపిక్సెల్ కెమెరా సుమారు సెకనుకు ఒక మెగాబిట్ పంపుతది అనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు. గంట సేపు లైవ్ చూస్తే 450 ఎంబీ. తక్కువ క్వాలిటీ పెట్టుకుంటే గంటకు 135 దాకా. మనం రోజుకు పది నిమిషాలు చూస్తం, అంటే మంచి క్వాలిటీలనే 75 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నోళ్లకు ఇది లెక్క కాదు. కానీ అదే కెమెరాను కంపెనీ క్లౌడ్‌ల ఇరవై నాలుగు గంటలు దాచిపెట్టమంటే రోజుకు 10.8 జీబీ. ఆ ప్యాక్ మనకెవడు వేయిస్తడు? అందుకే రికార్డింగ్ అంతా లోపల కార్డుల పెట్టుకోవాలె, నెట్ మనం చూసినప్పుడే వాడాలె. 64 జీబీ కార్డు ఐదారు రోజులు, 128 జీబీ కార్డు పదకొండు రోజుల చిల్లర. నిండినంక పాతది చెరిగి కొత్తది ఎక్కుతది. ఈ పదకొండు రోజులు అన్న మాట గుర్తుపెట్టుకోండి, కేసుల దగ్గర మళ్లా చెప్త.

కార్డు దగ్గర కక్కుర్తి పడొద్దు. 128 అని పైన రాసి లోపల పదహారు కూడా లేని నకిలీ కార్డులు సంతల, ఆన్‌లైన్ల మస్తుగ ఉన్నయి. కెమెరా నడుస్తనే ఉంటది, రికార్డ్ అయినట్టే కనబడుతది, కావాల్సిన రోజు తీస్తే ఏముండదు. బిల్లు ఇచ్చే దుకాణంల కొని, వీలైతే ఎక్కువ రాతకు ఓర్చే "హై ఎండ్యూరెన్స్" రకం కొనండి. మామూలు కార్డులు ఫోటోలకు చేసినవి, రాత్రింబవళ్లు రాయడానికి కాదు.

ఇక కరెంటు. ఈ కెమెరాలకు ఫోన్ ఛార్జర్ లాంటిదే కావాలె, ఐదు వోల్టులు. నడిచేటప్పుడు మూడు నుంచి ఐదు వాట్లు. రోజంతా నడిచినా నెలకు మూడు నాలుగు యూనిట్లకు మించదు. కరెంటు పోతే? 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నుంచి సుమారు 60 వాట్-గంటలు వస్తయి, మూడు వాట్ల కెమెరాకు ఇరవై గంటలు. కాకపోతే ఒకదిక్కు ఛార్జ్ అయితనే ఇంకోదిక్కు కరెంటు ఇచ్చే రకం పవర్ బ్యాంకు చూసి తీసుకోవాలె, అన్నీ అట్ల ఇయ్యవు. రూటర్‌కు చిన్న యూపీఎస్ వేరే దొరుకుతది. కరెంటు పోయినప్పుడే దొంగ వస్తడు అంటరు మన పెద్దలు. అందుకని ఈ ఖర్చును కూడా కెమెరా ధరలనే కలుపుకోండి.

కరెంటు పోయి వచ్చినంక ఒక తిరకాసు ఉంటది. చవక కెమెరాలు చాలా వాటిల గడియారానికి వేరే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చినంక నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటయి. నెట్ లేకపోతే వీడియో మీద తేదీ, టైమ్ తప్పు పడుతది. చూడనీకి ఏం కాదు గానీ, అదే వీడియో రేపు సాక్ష్యమైతే అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ తేదీనే. నెలకోసారి తెర మీద టైమ్ సరిగ్గుందా లేదా చూసుకోండి.

ఏ కంపెనీ అని అడుగుతరు. టాపో, సీపీ ప్లస్, క్యూబో, షామీ, ఇట్ల బజార్ల చాలా ఉన్నయి. ఇంటి లోపల పెట్టేవి సుమారు రెండు వేల నుంచి మూడు వేలల్ల వస్తయి. నేను ఒక్కదాని పేరు చెప్పను, చెప్తే ఆరు నెలల్ల అది పాతబడుతది. చూడాల్సింది ఏందంటే: కార్డు వేసుకునే జాగ ఉందా, క్లౌడ్‌కు పైసలు కట్టకుంటనే కార్డుల నుంచి పాత రికార్డింగ్ చూడనిస్తదా, లాగిన్‌కు ఓటీపీ అడిగే రెండో తాళం ఉందా, మన మండలంల కాకున్నా జిల్లా కేంద్రంలనన్నా రిపేరు చేసేటోళ్లు ఉన్నరా. ఇంకొకటి ముఖ్యమైంది. మన దేశంల అమ్మే సీసీ కెమెరాలకు భద్రత పరీక్ష ఉండాలని కేంద్రం 2024 ఏప్రిల్‌ల నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అమలుల పెట్టింది. డబ్బా మీద బీఐఎస్ గుర్తు ఉందా, ఆ మోడల్ ఎస్‌టీక్యూసీ పరీక్ష పాసైందా అని దుకాణపోన్ని అడగండి. ఆరు వందలకు ఆన్‌లైన్ల వచ్చే పేరులేని బల్బు కెమెరాలకు ఇదేదీ ఉండదు. దాని యాప్ ఎవరిదో, వీడియో ఏ దేశం సర్వర్ నుంచి తిరిగొస్తదో కొన్నోనికీ తెల్వదు, అమ్మినోనికీ తెల్వదు.

అసలుకే పైసలు లేనోళ్లకు ఇంకో దారి ఉంది. పాత స్మార్ట్‌ఫోన్ ఉంటే ఆల్‌ఫ్రెడ్ లాంటి యాప్ వేసి కెమెరాగ వాడొచ్చు. తెర పగిలినా పర్వాలేదు. కానీ రోజుల తరబడి ఛార్జింగ్‌ల పెట్టి ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బుతది. గడ్డివాము పక్కన, గుడిసె కప్పు కింద మాత్రం పెట్టకండి. పండుగకు ఊరికి రాలేనప్పుడు రెండు మూడు రోజులకైతే ఇది నడుస్తది.

బిగించుడు గురించి కొంచెం ఎక్కువ చెప్త, ఎందుకంటే చాలా ఇండ్లల్ల కెమెరా ఉండి కూడా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. ఎంత పైన పెడితే అంత భద్రం అనుకొని పన్నెండు, పదిహేను అడుగుల మీద కొడుతరు. రికార్డింగ్‌ల అన్నీ నెత్తులే కనబడుతయి. ఏడెనిమిది అడుగుల ఎత్తు, తలుపు దిక్కు కొద్దిగ వంచి పెడితే ముఖం పడుతది. దూరానికీ లెక్క ఉంది. మనిషిని ముఖం చూసి కచ్చితంగా పోల్చుకోవాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలని ఈ రంగంల ఒక ప్రమాణం పెట్టుకున్నరు. రెండు మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగ 1920 పిక్సెళ్లు. వంద డిగ్రీల వెడల్పు చూసే కెమెరాకు మూడు మీటర్ల దూరంల, అంటే పది అడుగులల్ల, ఆ లెక్క సరిపోతది. ఐదు మీటర్ల దాకా తెలిసిన మనిషైతే గుర్తుపడుతం. పది మీటర్లకు పోతే ఎవరో మనిషి పోయిండు అని మాత్రమే తెలుస్తది. ఎకరం కళ్లానికి ఒక్క కెమెరా పెట్టి దొంగ ముఖం కావాలంటే దొరకదు. వాడు కచ్చితంగా నడిచే సందు ఏదో చూసి అక్కడ పెట్టాలె.

రాత్రి చూపు మన కంటికి కనబడని ఎర్ర వెలుతురుతో నడుస్తది. ఎదురుంగ దగ్గర్ల తెల్ల గోడ ఉంటే వెలుతురు దాని మీద పడి తిరిగొచ్చి మిగతాదంతా నల్లగైతది. కిటికీ అద్దం లోపల నుంచి పెట్టినా అంతే. ఆ వెలుతురుకు పురుగులొస్తయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా హైదరాబాద్‌ల మీ ఫోన్ మోగుతది. వారం రోజులు చూసి విసుగొచ్చి అలర్టులు బంద్ చేస్తరు, ఆ తెల్లారే మేక పోతది. వారానికోసారి పొడి గుడ్డతో తుడవమని ఇంట్ల చెప్పండి. యాప్‌ల "మనిషి కనబడితేనే చెప్పు" అనే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి, కోతులకు, కుక్కలకు మోగుడు తగ్గుతది. మన ఊళ్లల్ల కోతుల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు తాళంచెవి సంగతి. కెమెరాను పట్నంల దుకాణం పిలగాడు వచ్చి పెట్టిపోతడు. వాని ఫోన్లనే యాప్ తెరుస్తడు, వాని నంబరుతోనే అకౌంట్ చేస్తడు, మీకు "షేర్" చేసి పోతడు. మీకు వీడియో కనబడుతది కాబట్టి అంతా బాగుందనుకుంటరు. కానీ ఆ కెమెరాకు యజమాని వాడు, మీరు చుట్టం. మీ అక్కాచెల్లెళ్లు వాకిట్ల కూసుంటే వాడు ఎప్పుడైనా చూడొచ్చు. మీరు తీసెయ్యాలన్నా వాడే తియ్యాలె. కాబట్టి మొదటి లాగిన్ మీ ఫోన్ల, మీ నంబరుతో, మీ చేతుల కావాలె. ఇది ఇంజనీరు పని కాదు. యాప్ వేసుకునుడు, కెమెరా ముందు క్యూఆర్ కోడ్ చూపించుడు, వైఫై పాస్‌వర్డ్ కొట్టుడు. ఇక్కడ కూసున్న ఇంటర్ చెల్లెళ్లు పది నిమిషాలల్ల చేస్తరు. తండాకు ఇద్దరు నేర్చుకుంటే తండా మొత్తానికి సరిపోతది.

పాస్‌వర్డ్ గురించి నవ్వులాటగ చూడకండి. 2016 అక్టోబర్ 21న అమెరికాల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి ఆగిపోయినయి. ఆ దాడికి వాడిన సైన్యంల ఎక్కువ భాగం ఏందో తెలుసా? ఇండ్లల్ల, దుకాణాలల్ల ఉన్న కెమెరాలు, రికార్డర్ డబ్బాలు. ఫ్యాక్టరీల పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చలేదు, మిరాయ్ అనే ప్రోగ్రాం వాటిల దూరింది. అది దూరం ముచ్చట అంటరేమో. 2025 ఫిబ్రవరిల గుజరాత్ రాజ్‌కోట్‌ల ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా వీడియోలు, డాక్టర్ పరీక్ష చేస్తున్న ఆడోళ్లవి, యూట్యూబ్‌ల, టెలిగ్రామ్‌ల అమ్మకానికి వచ్చినయి. అక్కడి పాస్‌వర్డ్ "అడ్మిన్123" అని తర్వాత పత్రికలల్ల వచ్చింది. ఆ తల్లులు కాన్పు కోసం పోయినోళ్లు. వాళ్లు చేసిన తప్పేంది?

అందుకే నా మాట: ఇంటి లోపల, అంటే పడుకునే కాడ, బట్టలు మార్చుకునే కాడ కెమెరా అసలే వద్దు. వాకిట్ల పెట్టేటప్పుడు కూడా ముందుగాల ఇంటి ఆడోళ్లను అడగాలె. మన ఇండ్లల్ల తానానికి తడక కట్టిన మూల వాకిట్లనే ఉంటది. భూమి మీద నిలబడితే తడక అవతల కనబడదు. ఎనిమిది అడుగుల ఎత్తుల ఉన్న కెమెరాకు కనబడుతది. మీ ఇంటి తడకే కాదు, పక్కింటి వదినమ్మ తడక కూడా. బిగించినంక తెర మీద నాలుగు మూలలు చూసి, ఏ మూలల్ల ఎవరి తలుపు పడుతుందో చూసి, యాప్‌ల ఆ భాగాన్ని నల్లగ మూసే సెట్టింగ్ ఉంటే మూయండి. లేకపోతే కెమెరాను తిప్పండి. ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. ఆడమనిషి ఏకాంతంల ఉన్నప్పుడు చూసినా, తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేండ్ల జైలు. ఐటీ చట్టం 66ఇ కూడా ఉంది. ఇంట్ల కలిసి ఉండేటోళ్ల సమ్మతి లేకుండా నివాసం లోపల కెమెరాలు పెట్టొద్దని కలకత్తా హైకోర్టు 2025ల అన్నది. అన్నదమ్ముల పంచాయితీ అది. సుప్రీంకోర్టు ఆ తీర్పుల జోక్యం చేసుకోలేదు.

ముసలోళ్ల సమ్మతి కూడా సమ్మతే. "మా అమ్మకేం తెల్వదు, నేనే పెట్టిన" అనే మాట నేను మస్తుగ విన్న. తెల్వకపోతే చెప్పాలె. ఫోన్ల ఆమెకు ఆమె బొమ్మ చూపించి, "నువ్వు ఇట్ల కనబడుతవు, నేను, తమ్ముడు తప్ప ఎవరూ చూడరు, వద్దనుకుంటే ఈ ప్లగ్ పీకెయ్" అని ఆ ప్లగ్ చూపించాలె. ప్లగ్ పీకే హక్కు ఇంట్ల ఉన్న మనిషికి ఉండాలె, పట్నంల ఉన్న మనిషికి కాదు. కోడలు ఎప్పుడు లేస్తది, ఎవరితోని మాట్లాడుతది అని చూడనీకి కెమెరా పెట్టిన ఇండ్లు కూడా ఉన్నయి. దాన్ని కాపలా అనరు.

కన్ను పడితే మనిషి ఎట్ల మారుతడో ఒక చదువు ఉంది. ఉత్తరాఖండ్ కార్బెట్ పులుల అడవి దగ్గర త్రిశాంత్ సిమ్లాయ్ అనే కేంబ్రిడ్జి పరిశోధకుడు 14 నెలలు తిరిగి 270 మందితో మాట్లాడిండు. 2024 నవంబర్‌ల అది అచ్చయింది. జంతువుల కోసం కట్టిన కెమెరాల్ల అడవికి పోయిన ఆడోళ్ల బొమ్మలు పడుతున్నయి. బహిర్భూమికి పోయిన ఒక మహిళ బొమ్మను, ఆమె మానసిక ఎదుగుదల వేరుగ ఉన్న మనిషి, వాట్సాప్ గ్రూపులల్ల తిప్పిన్రు. ఊరోళ్లు కోపంతో కెమెరాలు పగలగొట్టిన్రు. ఇంకో ముచ్చట నన్ను బాగ పట్టుకుంది. అడవిల ఆడోళ్లు గట్టిగ పాడుకుంట, మాట్లాడుకుంట పోతరు, పులి పక్కకు తప్పుకోవాలని. మన దిక్కు కూడా అంతే కదా. కెమెరా చూస్తుందని తెలిసినంక వాళ్లు గొంతు తగ్గించిన్రు. పాట ఆగితే పులికి మనుషులు వస్తున్నట్టు తెల్వదు. పరిశోధకునితోని మాట్లాడిన వాళ్లల్ల ఒకామె తర్వాత పులి దాడిల చనిపోయింది అని ఆ పరిశోధన చెప్తది. పులులను లెక్కబెట్టే పని తప్పు అని నేను అనను. ఆ దారిన రోజూ నడిచే ఆడోళ్లను అడగకుండ కట్టుడు తప్పు అంటున్న. మన వాకిలికైనా అదే న్యాయం.

పోలీసోళ్ల సంగతికి వస్త. తెలంగాణల "నేను సైతం" పేరుతో జనం చందాలతోనే కెమెరాలు పెట్టించే కార్యక్రమం నడుస్తున్నది. ఎక్కువ మంది చేరే సంస్థలకు కెమెరాలు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలనే 2013ల చట్టం వచ్చింది. అది మన ఇంటికి వర్తించదు. ఊరి చౌరస్తల కెమెరా అంటే అది ఊరి ముచ్చట. పైసలు ఎవరివి, రికార్డింగ్ ఎవరి దగ్గర ఉంటది, ఎన్ని రోజులు ఉంటది, మీటింగుకు పోయిన పిలగాన్ని పట్టుకోనీకి వాడుతరా అన్నది గ్రామసభల అడిగి రాయించుకోండి. షెడ్యూల్డ్ ఏరియా ఊళ్లల్ల గ్రామసభకు పెసా చట్టం ఇచ్చిన బలం కూడా ఉంది. హైదరాబాద్‌ల ముఖం గుర్తుపట్టే యంత్రాల మీద ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త హైకోర్టుకు పోతే, 2022 జనవరిల కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అడగడం నేరం కాదని చెప్పడానికే ఈ సంగతి చెప్తున్న.

మీ ఇంటి కెమెరా కార్డు కావాలని పోలీసులు వస్తే కొట్లాడాల్సిన పని లేదు, భయపడాల్సిన పనీ లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94 కింద స్టేషన్ అధికారి రాతపూర్వకంగా అడగొచ్చు. ఆ కాగితం అడగండి. ఇచ్చే ముందు ఒక కాపీ తీసుకోండి, తీసుకుపోయినట్టు పంచనామా మీద రాయించుకోండి. వాళ్లు మీ ఇంట్ల సోదా చేస్తే ఆ సోదాను వీడియో తియ్యాలని అదే చట్టం 105 చెప్తది. కెమెరా అటు దిక్కు కూడా తిరగాలె కదా. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసుల సుప్రీంకోర్టు దేశంల ప్రతి పోలీస్ స్టేషన్‌ల రాత్రి కూడా కనబడే, మాట వినబడే కెమెరాలు పెట్టమన్నది. రికార్డింగ్ 18 నెలలు, అంత కుదరకపోతే కనీసం ఏడాది దాచాలన్నది. మన పిలగాన్ని స్టేషన్‌ల కొట్టిన్రు అని తెలిస్తే, ఏ రోజు, ఎన్ని గంటలకు అని రాసి, ఆ వీడియో చెరగకుండా కాపాడమని వెంటనే అర్జీ పెట్టాలె. మానవ హక్కుల కమిషన్‌కు పోవచ్చు, కోర్టుకు పోవచ్చు.

ఇప్పుడు పదకొండు రోజుల మాట. మీ ఇంటి ముందర గొడవైంది, ఎవరో కులం పేరు పెట్టి తిట్టిన్రు, కొట్టిన్రు. కెమెరాల పడ్డది. పెద్దమనుషులు రాజీ అని పది రోజులు తిప్పుతరు. పన్నెండో రోజు చూస్తే కార్డుల అది ఉండదు, పైన కొత్తది ఎక్కింది. అందుకని గొడవైన రోజే ఆ కార్డు తీసి కవర్ల పెట్టి, తేదీ రాసి, కొత్త కార్డు వెయ్యండి. ఆ వీడియోను కోసి, పాట కలిపి స్టేటస్ పెట్టకండి. వాట్సాప్‌ల పంపితే సైజు తగ్గుతది, దాని పుట్టుక వివరాలు పోతయి. వాట్సాప్ కాపీ జనానికి, కార్డు కోర్టుకు. 2024 జూలై 1 నుంచి నడుస్తున్న భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాపీతోని ఒక ధ్రువపత్రం ఇయ్యాలె. రెండు భాగాలు ఉంటది, ఒకటి కెమెరా చూసుకునే మనిషిది, ఇంకోటి నిపుణునిది. ఫైల్ మారలేదని చూపే హ్యాష్ అనే నంబరు కూడా రాయాలె. అది ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, ఒక్క క్షణం కోసినా మారిపోతది. వకీలుకు ముందే చెప్పండి, "నా దగ్గర అసలు కార్డు ఉంది" అని.

చీటీల మీద కొన్ని ప్రశ్నలు వచ్చినయి.

పోడు చేన్ల కెమెరా పెడితే పట్టాకు సాక్ష్యం అయితదా అని ఒక తమ్ముడు. కాదు. అటవీ హక్కుల చట్టంల చూపాల్సింది 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగుల ఉన్నమని. ఇయ్యాల తీసిన వీడియో ఇయ్యాలటి సంగతే చెప్తది. దానికి ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావి, ఇల్లు, గట్లు, సమాధులు, పాత కేసు కాగితాలు కావాలె. ఒక్కటి కాదు, ఒకటికి మించి చూపాలని నియమాలల్ల ఉంది. కానీ ఎవరన్నా వచ్చి చేను దున్నితే, గుడిసె కూలగొడితే, అప్పుడు ఫోన్ల తీసిన వీడియో అక్కరకొస్తది. అది వేరే కేసు.

నెలనెలా క్లౌడ్‌కు కట్టాల్నా అని ఒక చెల్లె. కట్టకుండా నడుస్తది. ఒక్క లాభం, దొంగ కెమెరానే ఎత్తుకపోతే కార్డు పోతది, క్లౌడ్‌ల ఉన్నది పోదు. దానికి బదులు కెమెరాను చేతికి అందని కాడ, ప్లగ్‌ను ఇంటి లోపల పెట్టండి. వైరు బయట వేలాడితే ముందు దాన్నే పీకుతరు.

పాత కెమెరాను అమ్మితే, ఎవరికన్నా ఇస్తే ఏం చెయ్యాలె అని ఆఖరి చీటీ. మూడు పనులు. కార్డు తీసుకోండి, అది ఇయ్యకండి. కెమెరా మీద రీసెట్ గుండీని పది సెకన్లు నొక్కిపట్టి మన వైఫై పాస్‌వర్డ్ చెరిపెయ్యండి. మీ యాప్‌ల ఆ కెమెరాను డిలీట్ చెయ్యండి. ఈ మూడోది మరిచిపోతే అది మీ పేరు మీదనే ఉంటది, కొన్నాయన తన ఫోన్ల ఎక్కించుకోలేడు, రాత్రి పదింటికి మీకే ఫోన్ చేస్తడు.